ఉల్లి తీపిపచ్చడి

“ఉల్లి చేసిన మేలు తల్లియైనను చేయదు” అను సామెత తెలుగువారి యిండ్లలో పరిపాటిగా వినబడుచుండును. అయినను ఆ మేలును మనము పూర్తిగా పొందుచున్నామా యని విచారించినచో లేదనియే చెప్పవలసియుండును. కూరలోనికి తరిగి వేయుదుము, పులుసులో ముక్కలుగా విడుతుము, చద్దియన్నమున నంజుకొందుము. అంతటితో సరి. ధర తగ్గినపుడు బస్తా కొని తెచ్చి, వానలు పట్టుసరికి సగము మొలకెత్తగా సగము కుళ్లగా పారవేయుదుము. ధర పెరిగినపుడు ఒక్కొక్క పాయను లెక్కపెట్టి తరుగుదుము. చౌకగా దొరకిన దినములలో ఉల్లిని వండి జాడీకెత్తి, కొన్ని వారములపాటు దాని రుచి యనుభవించు ఉపాయమొకటి గలదు. దానినే నేడు సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

మేము చెప్పబోవునది ఉల్లిపాయలతో చేయు తీపి, పులుపు, కారము కలసిన నిలువ పచ్చడి. బెల్లముతో దగ్గరపడి చూచుటకు పండ్లజాము వలె మెఱయుచుండును గనుక పిల్లలు దీనిని “ఉల్లి జాము” అని పిలుచుటయు గలదు. పేరు ముద్దుగానే యున్నది గాని, జామునకును దీనికిని ఒక ముఖ్యమైన భేదము గలదు. మన దేశపు ఆహార నిబంధనల ప్రకారము జామను పేరుతో అమ్మబడు పదార్థమునందు కరగియున్న ఘనపదార్థములు, అనగా ముఖ్యముగా చక్కెర, నూటికి 65 పాళ్లకు తక్కువ కాకూడదు. ఆ చక్కెరయే దానిని చెడకుండ కాపాడును. మన పచ్చడిలో అంత తీపి వేసినచో అన్నములో కలుపుకొనుటకు వీలుపడదు. కావున దీనిని కాపాడు భారమంతయు పులుపు, ఉప్పులపై పడును. ఈ యొక్క మాటను జ్ఞాపకముంచుకొన్నచో తక్కినదంతయు సులభము.

ఇట్టి పదార్థము మన యొక్కరిదే కాదు. ఫ్రెంచివారు ఉల్లిని వెన్నలోనో నూనెలోనో గంటలకొలది మగ్గించి, ద్రాక్షసారాయమును, సిర్కాను చేర్చి ముద్దగా చేయుదురు. ఆంగ్లేయులు దానిని ఉల్లి మార్మలేడందురు. ఇటలీ దేశపు దక్షిణపు కొసయందలి త్రోపేయా ప్రాంతపు ఎఱ్ఱయుల్లికి 2008లో ఐరోపా సమాఖ్యవారు ప్రాంతీయమైన గుర్తింపు నిచ్చిరి. ఆ యుల్లితో తీపిముద్ద చేసి జున్నుతో నంజుకొనుట అచటివారి వాడుక. వారు సిర్కా వేయుచోట మనము చింతపండు వేయుదుము. వారు చక్కెర వేయుచోట మనము బెల్లము వేయుదుము. ఉల్లి మాత్రము ఎచ్చటనైనను ఉల్లియే.

రెండు వంటిండ్ల నడుమ

శ్రీకాకుళము జిల్లాలో మహేంద్రతనయ యొడ్డుననున్న పాతపట్నము సరిహద్దు గ్రామము. ఆవలియొడ్డున పర్లాకిమిడి. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు పర్లాకిమిడి ఆ రాష్ట్రమునకు పోయినది. పాతపట్నము మదరాసు రాజధానిలోనే నిలిచినది. పటముపై గీత పడినది గాని వంటిండ్లలో పడలేదు. నౌపడనుండి పర్లాకిమిడికి ఆ సంస్థానపు రాజావారు వేయించిన చిన్నరైలు 1900లో నడువ నారంభించినది. ఆ మార్గమే పిమ్మట గుణుపురము వరకు సాగి, నేడు పెద్దబండ్లు నడచు మార్గమై, పాతపట్నము మీదుగానే పోవుచున్నది. జనులు, సరకులు, మాటలు, రుచులు అటునిటు తిరుగుచునే యున్నవి.

ఓఢ్రుల యిండ్లలో “ఖటా” యను వంటకము గలదు. మామిడికాయ, టమాటా, ఖర్జూరము మొదలగువానిని బెల్లముతో నుడికించి తీపిపులుపుగా చేసి భోజనమున నంజుకొందురు. దానికి వారు పెట్టు తాలింపునకు “పంచఫుటణ” యని పేరు: జీలకఱ్ఱ, ఆవాలు, మెంతులు, సోపు, నల్లజీలకఱ్ఱ యను అయిదు దినుసులు. ఇక మన తెలుగువారిలో, ఉత్తరాంధ్రమున పులుసులలోను పచ్చళ్లలోను బెల్లపు ముక్క పడనిచో వంట ముగిసినట్లు కాదు. వారి “పఖాళ”, మన చద్దియన్నము ఒక తల్లి బిడ్డలే. రెంటికిని ఉల్లిపాయయే తోడు. కావున తీపి, పులుపు, ఉల్లి యను మూడును కలసిన పచ్చడికి ఇంతకంటె తగిన తావు వేఱొకటి యుండబోదు. మేము వ్రాయు పాళ్లలో తాలింపు ఆవలియొడ్డుది; చింతపండు, బెల్లము, నువ్వులనూనె ఈవలియొడ్డువి.

ఈ దినుసులును దూరమునుండి రావలసినవి కావు. నువ్వులు మన జిల్లాలో పండును. బెల్లమునకు అనకాపల్లి సంత పేరుపొందినది. చింతపండు సీతంపేట మొదలగు మన్యపు కొండలనుండి సవరలు మున్నగు గిరిజనులు సేకరించి దింపునది. 1956లో స్థాపింపబడిన గిరిజన సహకార సంస్థవారు వారివద్ద కొని బజారునకు తెచ్చుచున్నారు. ఉల్లి యొక్కటియే పొరుగుది. మన రాష్ట్రమున కర్నూలు ప్రాంతమునుండియు, మహారాష్ట్రమున నాశికప్రాంతమునుండియు లారీలపై వచ్చును.

ఉల్లిని గూర్చిన పట్టింపులు

ఉల్లిని అందఱును తినరు. సంస్కృతమున దీనిని పలాండువందురు. ధర్మశాస్త్రములు దీనిని వర్జింపదగినదిగా చెప్పినవి. పూరీ జగన్నాథుని వంటశాలలో ఉల్లి, వెల్లుల్లి చేరవు. కార్తికమాసమున ఏటికి రెండు దరులను అనేక గృహములలో ఉల్లి మానుదురు. ఈ నియమములను పాటించువారిని మనము గౌరవింపవలెను. అతిథి విస్తరి ముందు కూర్చుండిన పిమ్మట “ఉల్లి తినెదరా?” యని యడుగుటకంటె, వంట కుపక్రమింపకముందే అడిగి తెలిసికొనుట మర్యాద. ఉల్లి పచ్చడి గరిటెను వేఱొక గిన్నెలో పెట్టకుండుటయు ఆ మర్యాదలోనిదే.

కాని తాను కోరి విడుచుట వేఱు, పరులు విడిపించుట వేఱు. భర్త గతించిన స్త్రీ విస్తరినుండి ఉల్లిని, వెల్లుల్లిని, కారమును తీసివేసి, చప్పిడి కూడు పెట్టుటయే ధర్మమని తలంచిన యిండ్లు మన దేశమున పెక్కులుండెను. రుచి తెలిసిన నాలుకకు రుచి లేకుండ చేయుట వ్రతము కాదు, శిక్ష. ఇంటిలోని పెద్దమ్మయో, మేనత్తయో ఒంటరిగానున్నచో ఆమె కిష్టమైనదేదో ఆమెనే యడిగి వడ్డింపుడు. తినుటయు మానుటయు ఆమె యిష్టము.

ఎప్పుడు కొనవలెను

ఉల్లిధర వలె చంచలమైనది మఱొకటి లేదు. 1998లో ఢిల్లీ నగరమున ఉల్లిధర పెరిగిన పిమ్మట జరిగిన ఎన్నికలలో అచటి ప్రభుత్వమే మారిపోయినది. 2019 చివరి మాసములలో కిలో వెల నూరు రూపాయలు దాటినది. మన రాష్ట్రమున రైతుబజారులలో ప్రభుత్వమువారు 25 రూపాయలకు అమ్మించిన ఉల్లికై గృహిణులు గంటలకొలది వరుసలలో నిలిచిరి. మఱికొన్ని యేండ్లలో ఇదే యుల్లిని కొనువారు లేక రైతు పొలముననే విడిచిపెట్టినాడు. ఒకనాడు తినువాని కంట నీరు; ఒకనాడు పండించువాని కంట నీరు.

ఈ యెగుడుదిగుడులకు కారణము పంటకాలములలో నున్నది. యాసంగిపంట మార్చి మొదలు మే వరకు చేతికివచ్చును. ఆ పాయ గట్టిగా, పొరలు పొడిగా నుండి నెలలతరబడి నిలుచును. వానకాలపు పంట అక్టోబరు మొదలు వచ్చునుగాని దానిలో తడి యెక్కువ, నిలువదు. వేసవిలో నిలువచేసినది అయిపోయి, క్రొత్తపంట యింకను రాని సెప్టెంబరు మొదలు నవంబరు వరకు సాధారణముగా ధర పైకి పోవును. వానలు పంటను పాడుచేసిన యేడు చెప్పనక్కఱలేదు. కావున గృహిణి చేయవలసిన పని యిది: వేసవిపంటలో గట్టిపాయల నేఱి గాలితగులుచోట పలుచగా పఱచియుంచవలెను. మెత్తబడుటకు సిద్ధముగానున్నవానిని, పెద్దవానిని, జంటపాయలను ముందుగా పచ్చడికి వాడవలెను. మెత్తబడినవి, బూజుపట్టినవి మాత్రము పచ్చడికిని పనికిరావు. చెడిన పాయను వండినంతమాత్రమున మంచిది కాదు.

కావలసిన వస్తువులు

పొట్టు తీసిన ఎఱ్ఱ ఉల్లిపాయలు 1 కిలో, చింతపండు (గింజ, ఈనెలు తీసినది) 80 గ్రాములు, బెల్లము 120 గ్రాములు, నువ్వులనూనె 120 గ్రాములు, ఉప్పు 35 గ్రాములు, కారపుపొడి 30 గ్రాములు, పసుపు అరచెంచా. తాలింపునకు ఆవాలు, జీలకఱ్ఱ, సోపు ఒక్కొక్క చెంచా, నల్లజీలకఱ్ఱ అరచెంచా, మెంతులు పావుచెంచా, ఎండుమిరపకాయలు నాలుగు, ఇంగువ చిటికెడు. కఱివేపాకు వేయదలచినచో కడిగి, గుడ్డపై తడియారువఱకు ఆరబెట్టవలెను.

పూర్వము మన పెద్దలు వీశెలతో కొలిచెడివారు. వీశెయనగా దాదాపు 1400 గ్రాములు. ఇంట పాత కొలతలు వ్రాసికొన్న పుస్తకము గలవారు ఆ లెక్కను చూచి పాళ్లు మార్చుకొనవచ్చును. అయితే పాళ్లు మార్చునపుడు అన్నిటిని సమానముగనే పెంచవలెను. బెల్లము పెంచి చింతపండు తగ్గించుట తగదు. కారణము ముందు చెప్పెదము.

తరుగుట

కిలో ఉల్లిపాయలను తరుగుటయే ఈ వంటలో కష్టమైన పని. కంట నీరు వచ్చుటకు కారణము ఇది: ఉల్లి పొరలలోని కణములు తెగినపుడు, అంతవరకు వేఱువేఱుగా నున్న గంధకసంబంధమైన పదార్థములును, వానిని మార్చు ఎంజైములును కలసి, ఘాటైన ఆవిరి పుట్టును. ఆ యావిరి కంటిలోని తడిని తాకగానే మంట పుట్టి, దానిని కడిగివేయుటకు కన్ను నీరు విడుచును. ఈ యావిరిని పుట్టించుటకు ప్రత్యేకముగా ఒక ఎంజైము కలదని జపానుదేశపు శాస్త్రజ్ఞులు 2002లో కనుగొనిరి. కత్తిపీట పదునుగానున్నచో కణములు నలుగక తెగును. ఘాటు తక్కువగా లేచును. తరుగుటకు ముందు ఉల్లిని కొంతసేపు చల్లనిచోట నుంచినను మేలే. వేళ్లుండు మొదలును చివరివరకు కోయకుండుట, కిటికీవద్ద గాలివాలున కూర్చుండుట మనవారెఱిగిన చిట్కాలు.

ముక్కలు సన్నని నిలువుచీలికలుగా, ఒక్కతీరున నుండవలెను. కొన్ని లావుగా కొన్ని సన్నగా నున్నచో సన్ననివి మాడుసరికి లావువి పచ్చిగానే యుండును. రోటవేసి దంచినచో నీరు విడిచి చేదెక్కును, కావున దంచరాదు. ఇంట పురుషులు పత్రిక చదువుచు కూర్చుండియున్నచో రెండవ కత్తిపీట వారిముందు పెట్టుటకు సంకోచింపవలసిన పనిలేదు. రుచి అందఱిదైనపుడు కన్నీరు ఒక్కరిదే యేల కావలెను?

చేయువిధము

అడుగు మందముగల వెడల్పైన ఉక్కుపాత్ర గాని రాచిప్ప గాని తీసికొనవలెను. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలు తగవు. చింతపండు పులుపునకు కిలుము దిగి విషమగును. సత్తుపాత్రను పులుపు తినివేయును. ఇనుపమూకుడులో పచ్చడి నల్లబడి లోహపు రుచి పట్టును.

నూనెలో ముప్పాతిక పాలు పోసి కాగిన పిమ్మట ఉల్లిచీలికలు వేసి, ఉప్పులో ఒక చెంచాడు చల్లి కలిపి, మూతపెట్టి సన్ననిసెగపై పదినిముసములు మగ్గనీయవలెను. ఉప్పు తగిలినందున ఉల్లిలోని నీరు వెలువడును. ఉల్లిలో నూటికి దాదాపు 89 పాళ్లు నీరే. చక్కెరలు నాలుగైదు పాళ్లు. మనము చేయవలసినది ఆ నీటిని మెల్లగా పంపివేసి ఆ చక్కెరలను మిగుల్చుట. కావున మూత తీసివేసి, సెగ పెంచక, నడుమనడుమ అట్లకాడతో అడుగు గీకుచు, ముప్పాతికగంట వరకు వేగింపవలెను. ముక్కలు మొదట తెల్లబడి, పిదప గాజువలె నిగ్గుదేఱి, పసుపువన్నెకు తిరిగి, చివరకు తేనెరంగునకు వచ్చును. ఘాటు పోయి తీయని వాసన యిల్లంతయు నిండును. ఈ రంగునకును వాసనకును కారణమైన మార్పును 1912లో మయార్ అను ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు వివరించెను: చక్కెరలును, మాంసకృత్తులలోని అంశములును వేడికి కలసి క్రొత్తరుచులను పుట్టించును. ఈ మార్పు తొందరపెట్టినచో రాదు. పెద్దమంటపై అంచులు మాడి, నడుమ పచ్చిగానుండి, పచ్చడికి చేదు వచ్చును. అడుగంటునట్లు తోచినపుడు రెండుచెంచాల నీరు చిలికి గీకినచో సరిపోవును.

ఇంతలో చింతపండును గిద్దెడు మరుగునీట నానవేసి, చిక్కగా పిసికి, జల్లెడలో వడియగట్టి యుంచవలెను. ఉల్లి తేనెరంగునకు వచ్చినపిదపనే ఈ గుజ్జు చేర్చవలెను. ముందుగా వేసినచో పులుపు తగిలిన ముక్క మెత్తబడదు. ఎంత సేపుడికినను బిరుసుగానే యుండును. గుజ్జు వేసి పచ్చివాసన పోవునంతవఱకు, అనగా పదునైదు నిముసములు, ఉడికింపవలెను. అటుపిమ్మట తురిమిన బెల్లము వేయవలెను. బెల్లము ముందుపడినచో అడుగంటి మాడును. బెల్లము కరగి, మరల దగ్గరపడి, అట్లకాడతో గీసిన గీత అడుగున ఒక్కక్షణము నిలుచునట్లయినపుడు మిగిలిన ఉప్పు, కారము, పసుపు కలిపి అయిదునిముసములుంచి దింపవలెను. అంచులవెంట నూనె తేలుటయే పాకము కుదిరినదనుటకు గుఱుతు.

మిగిలిన నూనెను వేడిచేసి, ఎండుమిరప, మెంతులు, ఆవాలు, జీలకఱ్ఱ, సోపు, నల్లజీలకఱ్ఱ వరుసగా వేసి, చివర ఇంగువ, కఱివేపాకు వేసి చిటపటలాడగానే పచ్చడిపై పోసి కలుపవలెను. మెంతులు ఎఱ్ఱబడవలెను గాని నల్లబడరాదు. కిలో ఉల్లికి ముప్పాతికకిలోకు దగ్గరగా పచ్చడి వచ్చును.

పులుపు ఏల తగ్గింపరాదు

ఇచట సోదరీమణులు కొంచెము నిలిచి శ్రద్ధగా చదువవలెనని మా ప్రార్థన.

1983 అక్టోబరులో అమెరికాదేశపు ఇల్లినాయ్ రాష్ట్రమున పియోరియా నగరమునందు ఒక భోజనశాలలో తినిన 28 మందికి బొట్యులిజము అను భయంకరమైన విషవ్యాధి కలిగెను. కారణమేమని విచారింపగా, వేయించిన ఉల్లిపాయలని తేలినది. వానిని కొవ్వులో మగ్గించి, పులుపేమియు లేకుండ, గోరువెచ్చగా చాలసేపు ఉంచియుండిరి. ఉల్లి నేలలో పెరుగునది; ఆ నేలలోని కొన్ని సూక్ష్మజీవుల బీజములు దాని నంటియుండును. అవి ఇంటిపొయ్యిపై ఉడికినను చావవు. పైన నూనెయో వెన్నయో కప్పుకొన్నచో గాలి తగులదు. గాలి తగులక, పులుపు లేక, వెచ్చగానున్న తావు దొరకినపుడు ఆ బీజములు మొలకెత్తి విషమును పుట్టించును. ఆ విషమునకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. నరములు చచ్చుబడి, మాట ముద్దకట్టి, ఊపిరి యాడక మనిషి ప్రాణాపాయస్థితిలో పడును.

“పైన నూనె తేలుచున్నది గదా, చెడదు” అని మనము నమ్ముకొనుట ఎంత ప్రమాదమో దీనివలన తెలియుచున్నది. నూనె బూజును కొంతవరకు ఆపును గాని, ఈ విషమును ఆపదు. పైగా దానికి చోటిచ్చును. ఆపునది పులుపు. శాస్త్రజ్ఞులు పులుపును కొలుచుటకు పి.హెచ్. అను కొలత పెట్టిరి; అంకె తగ్గినకొలది పులుపు హెచ్చు. ఆ యంకె 4.6కు లోబడియున్నచో ఈ బీజములు మొలకెత్తవు. ఉడికిన ఉల్లి తనంతట తాను ఆ హద్దునకు పైననే యుండును. చింతపండే దానిని క్రిందికి దించును. మన పెద్దలు నిలువ పచ్చడిలో చింతపండు దండిగా వేయుమనుట నాలుకకొఱకే కాదని ఇప్పుడు మనకు తెలియుచున్నది. కావున పిల్లలకు పులుపు ఎక్కువయైనదని తోచినచో వడ్డించునపుడు బెల్లపుపొడి చల్లుడు. జాడీలోని చింతపండును మాత్రము తగ్గింపకుడు.

నిలువయుంచుట

గాజుసీసాలు చిన్నవి నాలుగైదు తీసికొని, పదినిముసములు నీటిలో మరగించి, తడి లేకుండ ఆరనిచ్చి, పచ్చడి వేడిగానుండగనే నింపవలెను. పెద్దజాడీ ఒకటి తఱచుగా తెఱచుటకంటె చిన్నసీసాలే మేలు. తడిగరిటె తగులరాదు. పూర్వపు ఆవకాయజాడీలకు వలె పింగాణిజాడీకి వాసెన కట్టి యుంచుకొనదలచినవారు దీనిలో ఉప్పు ఆవకాయలో నున్నంత లేదని గుర్తుంచుకొనవలెను. శీతలయంత్రము గలవారు అందులోనుంచి నెలదినములలో వాడుకొనవచ్చును. లేనివారు పావుకిలో, అరకిలో ఉల్లితో కొంచెము కొంచెముగా చేసికొని వారము దినములలో ముగించుట మంచిది. పొంగినను, నురుగు లేచినను, బూజు కనబడినను రుచి చూడక పారవేయుడు. పైబూజు తీసి క్రిందిది తినుట పొదుపు కాదు.

శీతలయంత్రమును నమ్ముకొన్నవారు కరెంటును నమ్ముకొన్నట్లే. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు శ్రీకాకుళము జిల్లాలో కరెంటుస్తంభములు వేలకొలదిగా కూలి, అనేక గ్రామములలో దినములతరబడి దీపము లేకపోయెను. అట్టివేళ కూరలు లేవు, బజారు లేదు, పాలు లేవు. అన్నము వండుకొనగలిగినవారికి పచ్చడియే కూర. కావున తుపానుల కాలమున ఇంట నొక సీసా పచ్చడి యుండుట విలాసము కాదు, అవసరము. కాని కరెంటు పోయి దినముదాటినచో శీతలయంత్రములోని ఉల్లిపచ్చడిని ముందుగా వాడివేయవలెను. ఆవకాయ, మాగాయ వంటి ఉప్పుగట్టి పచ్చళ్లను తరువాతికి ఉంచుకొనవచ్చును.

వడ్డించువిధము

వేడియన్నమున ఒక చెంచా పచ్చడియు, కొంచెము నువ్వులనూనెయు కలిపి తినుట మొదటి పద్ధతి. ముద్దపప్పు చేరినచో తీపియు కారమును సమముగా తెలియును. చద్దియన్నమున పెరుగు కలిపి నంజుకొనుట రెండవది; వేసవి యుదయమున ఇంతకు మించిన ఫలాహారము లేదు. తరవాణి త్రాగు ఇండ్లలో పచ్చియుల్లికి బదులు దీనిని పెట్టి చూడుడు. చోడి అంబలికి కూడ చక్కగా కుదురును. అంబలి చప్పదనమును ఇది తీర్చును, దీని ఘాటును అంబలి చల్లార్చును.

మినపరొట్టె, దిబ్బరొట్టె, పెసరట్టు, జొన్నరొట్టె మొదలగువాని ప్రక్కను వేఱుపచ్చడి అక్కఱలేదు. చపాతిపై పలుచగా రాచి చుట్టి పిల్లల బడిపెట్టెలో పెట్టినచో కారదు, చెడువాసన వేయదు. వంకాయను నిప్పులపై కాల్చి చిదిపి, దానిలో రెండుచెంచాలు కలిపినచో అప్పటికప్పుడు ఒక పచ్చడి. పులుసులో దినుసు తక్కువైనదని తోచినపుడు ఒక చెంచా కలిపినచో రుచి కుదురును. మాంసాహారులు వేపుడుచేపల ప్రక్కను పెట్టుకొందురు.

విందులలో దీనిని విస్తరి యెడమప్రక్కను, ఊరగాయల వరుసలో, చిన్న చెంచాడు మాత్రమే వడ్డింపవలెను. ఇది కూర కాదు, కొసరు. ఉప్పు, బెల్లము రెండును గలవు గనుక రక్తపుపోటు, మధుమేహము గలవారు మితముగా తినవలెను. బెల్లము చక్కెరకంటె మంచిదని తలంచి మధుమేహము గలవారికి చనవుగా వడ్డించుట తప్పు. శరీరమున రెండును ఒక్కటే.

పంపుట, అమ్ముట

మన జిల్లానుండి జీవనోపాధికై హైదరాబాదు, చెన్నపట్నము మొదలగు దూరపు నగరములకు పోవువారు వేలకొలది. కట్టడపుపనులకు పోవువారును, చదువులకు పోవు పిల్లలును పండుగకు వచ్చి తిరిగిపోవునపుడు మూటలో పచ్చడిసీసా లేనిదే తల్లి గడప దాటనీయదు. ఆ సీసా ఎండలో, రైలులో, ఇరుకుగదిలో ఎన్నిదినములుండునో ఆమె చూడలేదు. కావున దూరము పంపు సీసాపై చేసిన తేదీని, వాడవలసిన గడువును కాగితముపై వ్రాసి అంటింపవలెను. పదిదినముల ప్రయాణమునకు ఉల్లిపచ్చడి తగదు. నిమ్మకాయయో, ఆవకాయయో పంపి, దీనిని వారింటికి వచ్చినపుడు పెట్టుట మేలు. ప్రేమతో పంపినది రోగము కారాదు గదా.

ఇటీవల స్వయంసహాయకసంఘముల స్త్రీలు పచ్చళ్లు చేసి అమ్మి సంసారములకు చేదోడుగా నిలుచుచున్నారు. మెచ్చదగిన పని. అయితే అమ్మదలచినవారు రెండు సంగతులు గమనింపవలెను. మొదటిది, 2006 నాటి ఆహారభద్రతా ప్రమాణముల చట్టము ప్రకారము ఇంట చేసి అమ్ము చిన్నవ్యాపారమునకైనను నమోదు కావలెను. ఉల్లి వంటి పదార్థమును నెలలతరబడి నిలుచునట్లు అమ్ముటకు ముందు పులుపు పాళ్లను పరీక్షాశాలలో కొలిపించుట విధి.

రెండవది వెల కట్టుట. ఉల్లి, నూనె, బెల్లము, సీసాల ఖరీదు మాత్రము లెక్కవేసి, దానిపై నాలుగురూపాయలు చేర్చి అమ్మువారు పెక్కురు. పొట్టు తీయుటకు అరగంట, తరుగుటకు అరగంట, పొయ్యివద్ద గంటన్నర, సీసాలు కడిగి నింపుటకు అరగంట: కిలో ఉల్లికి మూడుగంటల శ్రమ. ఆ శ్రమకు కూలి లేదా? ఇంటిలో చేయునపుడు ఆ శ్రమను ఎవరును లెక్కింపలేదు గనుక బజారులోను లెక్కింపకుండుట ఆచారమైనది. అంగడిలో అదే సీసా కొన్నచో కార్ఖానా కూలిని, గుమాస్తా జీతమును, ప్రకటనల ఖర్చును కలిపి మనవద్ద తీసికొనుచున్నారు. మన చేతికి మాత్రము వెల లేదనుకొనుట న్యాయము కాదు. ఒకపర్యాయము గడియారము చూచి, పట్టిన కాలమును కాగితముపై వ్రాసికొని, ఆ యూరి దినకూలితో లెక్కకట్టి చూడుడు. సీసాకు ఏ వెల తగునో తెలిసిపోవును.

ఈ వేసవిలో ఉల్లి చౌకగా వచ్చినపుడు మొదట ఒక్క అరకిలోతో చేసి చూడుడు. సన్ననిసెగ, తగినంత పులుపు, పొడిగరిటె: ఈ మూడును తప్పనిచో పచ్చడి తప్పదు. బాగుగా కుదిరినచో ఏటికి ఆవలియొడ్డునగల స్నేహితురాలికి ఒక చిన్నసీసా పంపుడు. ఆమె తన ఖటాను మీకు పంపకపోదు.